వెంటిలేటర్ వాలిన వైపు

తండ్రి శవం పక్కన పడివున్న కళ్ళద్దాలు తీసి, శుభ్రంగా తుడిచి, తన సొరుగులో సర్దుకుని వచ్చి కూర్చుందట కూతురు. ఆ మాట విన్న దగ్గర్నుంచి వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఏడవలేదట. నలుగుర్నీ పిలవలేదట. కళ్ళద్దాలు మాత్రం సర్దిందట. ఇంతకంటే సాక్ష్యం ఇంకేం కావాలన్నట్టు పొద్దున్నించీ జనం గుసగుసలాడుతున్నారు. ఇన్‌స్పెక్టర్‌ది కూడా అచ్చంగా అదే మాట. కాకపోతే జనం గొణిగినదాన్ని అతను గొంతెత్తి చెప్పాడు.

ఎదురుగా నిలబడి ఆ మాట విన్నావిడ పేరు జల్లెడ. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు తోటివాళ్ళు ఎగతాళికి పెట్టిన పేరే నిలిచిపోయింది. రాయీ రప్పా అంతా జల్లించి, చివరికి ఎవరికీ అక్కర్లేని నలుసొకటి పట్టుకుని కూర్చుంటుందని అలా పిలిచేవారు. ఆ నలుసుల వల్లే కేసులు తేలుతూ వచ్చాక ఎగతాళి పోయింది, పేరు మిగిలింది. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్నా, ఆ పేరు వెంటే వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఒకే బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చుని, ఒకే ఫ్లాస్కులో టీ పంచుకుని ఏళ్ళు గడిపారు. ఆవిడ బయటికొచ్చాక అతను తేల్చిన కేసులు రెండు తప్పని రుజువు చేసింది. అప్పట్నుంచి అతని నోట్లో "అక్కా" అనే పిలుపుకి ముళ్ళు మొలిచాయి.

"ఇందులో నువ్వు జల్లించడానికేం లేదక్కా," అన్నాడు అతను చనిపోయినాయన కళ్ళద్దాల షాపు గుమ్మంలో నిలబడి. "నిన్న పొద్దున తండ్రీకూతుళ్ళు గొడవపడ్డారు. పక్క టైలర్ విన్నాడు. సాయంత్రం ఆయన అటక మెట్ల కింద పడివున్నాడు. కళ్ళద్దాలు మాయం చేసింది ఈ పిల్ల. ఏ సొరుగులో ఉన్నాయంటే చెప్పదు. మధ్యాహ్నం వ్యాన్ వస్తుంది. పిల్ల ఆసుపత్రి కస్టడీకి, ఆ సొరుగులన్నీ గోతాల్లోకి."

"గోతాల్లోకా?"

"సాక్ష్యం కదా. మొత్తం సీజ్ చేస్తున్నాను."

ఉత్తర్వు చూపించమంది జల్లెడ. అతను జేబులోంచి కాగితం తీసిచ్చాడు. రెండో పేరాలో ఏం రాశారో అర్థం కావడం లేదంటే వెనక్కి తీసుకుని, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, తల కాస్త పక్కకి వంచి చూసి, విసుగ్గా కానిస్టేబుల్ చేతిలో పెట్టి చదవమన్నాడు. కళ్ళద్దాల వెనక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా నిద్రలేదనీ తల పగిలిపోతోందనీ అన్నాడు. పాత అలవాటు చొప్పున జల్లెడ సంచీలోంచి తలనొప్పి మాత్ర తీసిచ్చింది. అతను నీళ్ళు లేకుండానే మింగాడు. గుమ్మం దిగబోతూ మెట్టు ఎక్కడుందో తెలియనట్టు తూలితే, మోచెయ్యి పట్టుకుని ఆపింది కూడా ఆవిడే. ఎంత పోట్లాడుకున్నా చేతిలో పెరిగినవాడు, కడుపులో ఎక్కడో అంత ప్రేమ ఉండనే ఉంటుంది.

అతను వెళ్ళాక షాపు వెనకున్న ఇంట్లోకి వెళ్ళింది. చనిపోయినాయన ఊళ్ళో సగంమందికి కళ్ళద్దాలు చేసిన మనిషి. ఆయన భార్య గోడకి ఆనుకుని కూర్చునివుంది. రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు. జల్లెడని పిలిపించింది ఆవిడే.

కూతురి సంగతి ముందు చెప్పింది. బుల్లి అంటారు గానీ ముప్పై దాటిన మనిషి. చిన్నప్పట్నుంచీ జనం మొహాలు చూడదు, మాటలు తక్కువ, గట్టి చప్పుడు పడదు. దాన్ని ఆటిజం అంటారని డాక్టరు చెప్పేసరికే పెద్దదైపోయింది. పేరు తెలిసింది గానీ పిల్లేం మారలేదు కదా అంది తల్లి. కొత్త కళ్ళద్దాలు చేయించుకున్నవాళ్ళు పాతవి బల్లమీద వదిలేసి పోతుంటారు. వాటిలో ఒక్కటి పారెయ్యనివ్వదు బుల్లి. వాళ్ళ నాన్న వాటికోసం వెనకగదిలో గోడంతా సొరుగులు చేయించాడు, సొరుగు నిండా చిన్నచిన్న గడులు. ఆ గడుల్లో అది సర్దుకుంటూ ఉంటే ఆయన తన పని చేసుకునేవాడు. అదే వాళ్ళిద్దరి కబుర్లు.

"ఆయన పోయిన మర్నాడే అవన్నీ గోతాల్లో పోసి కలిపేస్తే నా కూతురు నాకు దక్కదమ్మా," అంది. "మనిషి ఉంటుంది. అది ఉండదు."

నిన్న సాయంత్రం ఏం జరిగిందో జల్లెడ మెల్లగా రాబట్టింది. దీపాలు పెట్టే వేళకి ముందు ఆవిడ కూరగాయలకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి షట్టర్ సగం దించివుంది, వెనకగదిలో లెన్సులు అరగదీసే మిషన్ తిరుగుతోంది. భర్త అటక మెట్ల కింద పడివున్నాడు, భుజం దగ్గర ఆయన నల్ల ఫ్రేము కళ్ళద్దాలు. ఆవిడ మిషన్ ఆపి టైలర్ కోసం పరుగెత్తింది. వచ్చేసరికి కళ్ళద్దాలు లేవు. మిషన్ మోత భరించలేక బుల్లి చెవులు మూసే మఫ్ తగిలించుకుని లోపలింట్లో కూర్చుంటుంది. మోత ఆగితేనే బయటికొస్తుంది. నిన్న కూడా అలాగే వచ్చింది.

"పొద్దున గొడవెందుకు?"

"గొడవంటే... ఆయన దాని సొరుగులోంచి ఏదో పాత జత తీశారు. ఒక్క అరుపు అరిచింది. చూసుకుని మళ్ళీ పెట్టేశారు. అంతే."

"ఎందుకు తీశారు?"

తల్లి చీరకొంగు నలుపుకుంటూ, రోడ్డు ఊడ్చే ఆమెని కారొకటి గుద్ది చంపేసి వెళ్ళిపోయిన కేసు జల్లెడ వినే ఉంటుందని మొదలుపెట్టింది. ఆ చోట రోడ్డుమీద కళ్ళద్దాల లెన్సు ముక్క దొరికిందట. అది ఏ పవరుదో చూసి చెప్పమని జిల్లా నుంచి వచ్చిన విచారణవాళ్ళు పంపారు. ఇవాళ వెళ్ళి చెప్పాలి. ఎవరివో తెలిసిందా అని అడిగితే, తెలిసినవాళ్ళవే, ఇప్పుడు చెబితే నువ్వు భయపడతావు అన్నాడట. ఇప్పుడు ఆ ముక్క ఉన్న కవరు కూడా కనబడటం లేదు. అదీ బుల్లే తీసిందంటున్నాడు ఇన్‌స్పెక్టర్.

జల్లెడకి ఒళ్ళు ఝల్లుమంది. ఇదేదో కాలుజారి పడ్డ కేసు కాదు. సాక్ష్యం చెప్పబోయే మనిషిని ముందురోజే లేకుండా చేశారు. చంపినవాడు ఊళ్ళోనే, కళ్ళద్దాలు పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాడు.

శవాన్ని రాత్రే తీసుకెళ్ళిపోయిన ఆ వెనకగదికి వెళ్ళింది. అటకకి చెక్కమెట్లు. కింది మెట్లమీద పాదాల మరకలు ఉన్నాయి గానీ పైమెట్లమీద దుమ్ము పరుచుకుని ఉంది, ఎవరూ తొక్కలేదు. ఎక్కని మనిషి ఎక్కడ్నుంచి పడతాడు? ఆ నేరం ఎవరి నెత్తినైనా రుద్దాలనుకున్న తొందరలో తప్ప, ఇంత కనబడే సంగతి ఇన్‌స్పెక్టర్ చూడకపోవడమేమిటని చిరాకుపడింది. పని నేర్పింది తనే కదా, మెట్లు చూడమని నేర్పలేదా?

తర్వాత మిషన్ దగ్గర వంగింది. అరగదీసే చక్రం మీద చుక్క నీరు లేదు, నీళ్ళ తొట్టి ఎండిపోయివుంది. లెన్సు బిగించే చోట లెన్సు లేదు. మరి ఉత్తపుణ్యానికి ఎందుకు తిరిగింది? ఆవిడ స్విచ్ కోసం గోడంతా వెతికింది, దొరకలేదు. తల్లిని పిలిచి అడిగితే బల్ల కింద, మోకాలికి తగిలే చోట చూపించింది. తెలిసినవాళ్ళకి తప్ప అది దొరకదు. లెన్సు లేకుండా ఆయనెప్పుడూ మిషన్ వెయ్యడని కూడా చెప్పింది. ఆ నలుసుని జల్లెడ పక్కన పెట్టుకుంది.

మూలన బుల్లి నేలమీద కూర్చునివుంది. తండ్రి పనిలో వేసుకునే నీలం కోటు తొడుక్కుంది, చేతులు వేళ్ళదాకా మునిగిపోయాయి. పొద్దున ఇన్‌స్పెక్టర్ ఒక సొరుగు లాగి కుమ్మరించి వెళ్ళాడు. ఆ కుప్ప ముందు కూర్చుని ఒక్కో జతా ఎత్తి చూస్తూ, సన్నగా ఒకే స్వరంలో కూనిరాగం తీస్తోంది. ఏడవలేదన్నవాళ్ళు ఆ స్వరం దగ్గరికొచ్చి వినలేదు. 

మొహంలోకి చూడకుండా, కాస్త దూరంగా తనూ నేలమీద కూర్చుంది. ఊరికే ఉండలేక ఒక జత తీసి దగ్గర్లో ఉన్న ఖాళీ గడిలో పెట్టింది. బుల్లి ఆ జత తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"తప్పా?" అని అడిగింది జల్లెడ.

"తప్పు."

"ఎలా పెట్టాలో నాకు చూపిస్తావా?"

బుల్లి ఒక జతని చేతిలో దూరంగా పట్టుకుని ఎదురుగోడ వైపు చూపించింది. అక్కడ గుండ్రటి వెంటిలేటర్ ఉంది, దాంట్లోంచి ఎండ పడుతోంది. కుడి అద్దంలోంచి చూస్తే ఆ గుండ్రం చిన్నదై, నొక్కినట్టు కోలగా మారి ఒక పక్కకి వాలింది. ఎడమ అద్దంలో ఇంకో పక్కకి వాలింది. ఇంకో జత తీసి చూపించింది. అందులో వెంటిలేటర్ ఇంకా చిన్నది, నిటారుగా ఉంది. ఫ్రేము రంగుతో పనిలేదు, వెలతో పనిలేదు, ఎవరిదన్నదానితోనూ పనిలేదు. ఆ గుండ్రం ఎంత చిన్నదైంది, ఎటు వాలింది, అంతే ఆమె లెక్క. పక్కపక్కన ఉండాల్సినవి పక్కపక్కకి వస్తాయి. ఒక మనిషి ఎన్ని ఫ్రేములు మార్చినా, ఆ మనిషి చూపు తిరిగి తిరిగి ఒకే చోటికి చేరుతుంది.

జల్లెడ కూడా ఒకటి ఎత్తి చూసింది, ఇంకొకటి చూసింది. మూడోది సరైన గడిలో పెడితే బుల్లి తీసెయ్యలేదు. ఎన్నో కేసులు గెలిచిన మనిషికి అదేమిటో అంత సంతోషం వేసింది. అలా ఇద్దరూ కుప్ప సగం సర్దాక అసలు మాట అడిగింది.

"నిన్న నాన్న పక్కన పడివున్నవి నువ్వే తీశావా?"

"తీశాను."

"ఎందుకు?"

"నాన్నవి కావు."

జల్లెడ చేతిలోది అలాగే ఆగిపోయింది.

"నల్ల ఫ్రేము. నాన్న పెట్టుకునేదీ నల్ల ఫ్రేమే కదా?"

"ఫ్రేము నాన్నది లాంటిదే. వెంటిలేటర్ వేరే వైపు వాలింది." బుల్లి ఇంకో జత తీసుకుంది. "అవి అక్కడ ఉండకూడదు. అందుకని వాటి చోట పెట్టాను."

ఆ ఫ్రేము సంగతి జల్లెడకి తెలుసు. షాపాయన ఒకేరకం నల్ల ఫ్రేములు పెద్దమొత్తంలో తెప్పించి, తను పెట్టుకునేదే మంచిదని అందరికీ అంటగట్టేవాడు. ఊళ్ళో ఎంతమంది మొహాల మీదో అవే. మెట్ల దగ్గర పెనుగులాటలో ఇద్దరి కళ్ళద్దాలూ కిందపడి ఉంటాయి. కళ్ళద్దాలు లేనిదే కనబడనివాడు మసక వెలుతురులో తడుముకుని, చేతికందినవి పెట్టుకుని పారిపోయాడు. అవి చచ్చిపోయినాయనవి. తనవి శవం దగ్గరే వదిలేశాడు.

"వాటి చోటు నాకు చూపిస్తావా?"

చేతిలోవన్నీ పెట్టేదాకా బుల్లి లేవలేదు. జల్లెడ ఓపిగ్గా కూర్చుంది. ఆఖరికి బుల్లి లేచి, గోడ మధ్యలో ఉన్న సొరుగు లాగింది. వరసలో నల్ల ఫ్రేము, తుడిచి పెట్టివుంది. దాని పక్క గడిలో ఇంకో జత.

గోధుమరంగు ఫ్రేము. కుడివైపు మడతబందు దగ్గర సన్నటి రాగితీగ చుట్టివుంది. ఎడమ అద్దం అంచున ఒక ముక్క ఎగిరిపోయింది.

జల్లెడ ఆ రాగితీగ వైపు చూస్తూ ఉండిపోయింది. దాన్ని చుట్టింది తనే. ఎప్పుడో ఒక దొంగకోసం తనూ ఇన్‌స్పెక్టరూ కాపు కాస్తుంటే ఆ బందు ఊడిపోయింది. అక్కడే వేలాడుతున్న పాత టెలిఫోన్ తీగ కోసి, పళ్ళతో బిగించి చుట్టి, "ఇదిగో తమ్ముడూ, పెళ్ళిచూపులకి కూడా ఇవే పెట్టుకెళ్ళు," అని అతని ముక్కుమీద తగిలించింది. ఏళ్ళ తరబడి బల్లకి అవతల ఆ రాగితీగ మెరుస్తూనే ఉండేది.

నమ్మబుద్ధి కాలేదు. రెండు జతలూ రెండు చేతుల్లో పట్టుకుని వెంటిలేటర్ వైపు ఎత్తింది. కుడి అద్దం, ఎడమ అద్దం. రెంటిలోనూ ఆ గుండ్రం ఒక్కలాగే చిన్నదైంది, ఒక్కవైపే వాలింది.  రోడ్డు ఊడ్చే ఆమెని గుద్దిన మర్నాడు వచ్చి కొత్త కళ్ళద్దాలు చేయించుకుని ఉంటాడు. పాతవి పారెయ్యమని ఉంటాడు. ముక్క రోడ్డుమీద పడిందని అప్పటికి తెలిసుండదు. ఈ ఇంట్లో ఏదీ పారెయ్యరని అసలే తెలియదు. నిన్న పొద్దున షాపాయన ఈ సొరుగులోంచి తీసి, ముక్కతో సరిచూసుకుని, కూతురి అరుపుకి భయపడి మళ్ళీ ఇక్కడే పెట్టిన జత ఇదే. అందుకే సొరుగులన్నీ గోతాల్లోకి ఎత్తుకెళ్ళాలన్న ఆరాటం.

"మీ నాన్నవి ఎక్కడుంటాయి?" అని అడిగింది. 

బుల్లి కింది సొరుగు తెరిచింది. ఆయన వయసులో ఉన్నప్పటి నుంచీ వాడినవన్నీ వరసగా ఉన్నాయి. చివర ఒక గడి ఖాళీ. దుమ్ము లేకుండా తుడిచిపెట్టింది.

"నాన్నవి ఇంకా రాలేదు," అంది బుల్లి, కోటు చేతిని బుగ్గకి ఆనించుకుని.

అప్పుడు పొద్దుటి సంగతులన్నీ ఒక్కొక్కటే వచ్చి జల్లెడ ముందు నిలబడ్డాయి. చెయ్యి చాచి పట్టుకున్న కాగితం. ఎర్రబడ్డ కళ్ళు, తలనొప్పి. కనబడని మెట్టు. ఎప్పుడూ కళ్ళద్దాలతో ఉండేవాడు ఒక్కరోజు లేకుండా కనబడితే అందరూ అడుగుతారు. అందుకని తను చంపిన మనిషివే పెట్టుకుని తిరుగుతున్నాడు. ఆ మనిషి తూలి పడకుండా ఆపి, మాత్ర కూడా ఇచ్చింది తను. 

ముందుగదిలో షట్టర్ పూర్తిగా దిగిన చప్పుడైంది.

చేతిలోని రెండు జతలూ లోపల పెట్టి సొరుగులు నెట్టేసేసరికి ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఖాళీ గోతాలు. ఒక్కడే వచ్చాడు. కానిస్టేబుల్ ఏడంటే, వ్యాన్ కోసం పంపానన్నాడు. ఆ మొహంలోకి చూడటానికి ఆవిడకి ధైర్యం చాలలేదు.

"దొరికాయా అక్కా?"

"ఇన్నింట్లో ఎక్కడ దొరుకుతాయి," అంది, వీలైనంత మామూలుగా. "నీకు పని నేర్పినప్పుడు ఇంత ఓపిక నేర్పలేదు. కాసేపు కూర్చో. వ్యాన్ రానీ."

"వ్యాన్‌కి ఇంకా టైముంది."

అతనికి చెమటలు కారుతున్నాయి. కళ్ళద్దాలు తీసి మిషన్ బల్లమీద పెట్టి, జేబురుమాలుతో మొహం తుడుచుకుని, వేళ్ళతో కళ్ళు గట్టిగా నొక్కుకున్నాడు. ఇవాళ చాలాసార్లు అలా చేసివుంటాడు. బుల్లి తలెత్తింది. అతని మొహం కేసి కాదు, బల్ల కేసి చూసింది. వద్దని చెప్పాలనుకుంది జల్లెడ. ఆలోపే బుల్లి కదిలింది.

బుల్లి వెళ్ళి ఆ కళ్ళద్దాలు తీసుకుంది. దూరంగా పట్టుకుని వెంటిలేటర్ వైపు ఎత్తింది. కుడి అద్దం చూసింది. ఎడమ అద్దం చూసింది. కోటు అంచుతో రెండు అద్దాలూ తుడిచింది. తిన్నగా వెళ్ళి కింది సొరుగు తెరిచి, ఆ ఖాళీ గడిలో పెట్టింది. రాత్రి నుంచీ ఆగని కూనిరాగం ఆగిపోయింది.

"నాన్నవి వచ్చాయి," అంది.

ఇన్‌స్పెక్టర్ కళ్ళమీంచి వేళ్ళు తీశాడు. బల్లమీద తడిమాడు. ఏమీ తగల్లేదు. మసకగా కనబడుతున్న ఇద్దరు మనుషుల్లో ఎవరెవరో పోల్చుకుంటున్నట్టు చూశాడు.

"అక్కా, ఆ పిల్ల ఏమంది?"

జల్లెడ బుల్లిని లాగి తన వెనక్కి తోసుకుంది. అదే అతనికి జవాబైంది. మొహంలో నెత్తుటిచుక్క లేదు. ఏళ్ళనాటి బల్ల అవతల కూర్చున్న కుర్రవాడిలా ఏదో అడగబోయి ఆగిపోయాడు.

తర్వాత అతను వంగాడు. గోడ వెతకలేదు, తడుముకోలేదు. కళ్ళు కనబడని మనిషి, చెయ్యి తిన్నగా బల్ల కిందికి, మోకాలి దగ్గరికి పోనిచ్చి స్విచ్ వేశాడు. లెన్సు లేని మిషన్ తిరగడం మొదలుపెట్టింది. నిన్న సాయంత్రం అది ఎవరి కేక వినబడకుండా తిరిగిందో జల్లెడకి అప్పుడు అర్థమైంది. బుల్లి రెండు చేతులతో చెవులు మూసుకుని కిందికి జారిపోయింది. అతను మిషన్ పక్కనుంచి ఒక్కో అడుగూ వేస్తూ ముందుకొస్తున్నాడు.

మోత ఇంకా పూర్తిగా అందుకోకముందే లోపలింట్లో గ్లాసు కిందపడి దొర్లిన చప్పుడూ, వెంటనే ఇటు పరుగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడూ వినిపించాయి. మిషన్ వేసే మనిషి నిన్ననే పోయాడని ఆ ఇంట్లో తల్లికి తెలుసు.